ఏబీఎస్ లైటు ఆరట్లేదు. సెన్సార్ మార్చినా అంతే, ఇప్పుడు మాడ్యూల్ మార్చమంటున్నారు

అల్లూరు అబ్బాయి

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర పల్లె. 2017 మోడల్ డీజిల్ కారు, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. రొయ్యల గుంటల కట్టల మీద తిరిగే బండి. దానికితోడు నాన్నకు డయాలసిస్ జరుగుతోంది, వారం వారం నెల్లూరు తీసుకుపోవాలి. అందుకే ఈ బండి విషయంలో టెన్షన్‌గా ఉంది.

సమస్య ఇది. తాళం తిప్పగానే మీటర్లో పసుపు ఏబీఎస్ (సడన్ బ్రేకు కొట్టినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైటు వెలిగి ఆరిపోతుంది. అది మామూలే. బండి కదిలి స్పీడు ఇరవై కూడా దాటకముందే మళ్లీ వెలుగుతుంది, ఇక ఆరదు. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసినా అంతే. బ్రేకు మామూలుగానే పడుతోంది. ఎర్ర లైటు ఎప్పుడూ రాలేదు.

టౌన్లో ఒక గ్యారేజీలో స్కానర్ పెట్టారు. సి0035 అనే తప్పు కోడ్ వచ్చింది, ముందు ఎడమ చక్రం వేగం చెప్పే సెన్సార్ పోయిందన్నారు. మార్చారు. ఇంటికి వచ్చేలోపే లైటు మళ్లీ వచ్చింది. తిరిగి తీసుకుపోతే, అయితే ఏబీఎస్ మాడ్యూలే (దాన్ని నడిపే కంప్యూటర్ పెట్టె) పోయింది, మొత్తం యూనిట్ మార్చాలి అంటున్నారు. వాళ్లు చెప్పే రేటుతో గుంటకు మేత కొనుక్కోవచ్చు.

నా దగ్గర డిజిటల్ మల్టీమీటర్ ఉంది, ఏరేటర్ మోటార్లకు వాడుతుంటాను. మోటారు ఇన్సులేషన్ చూసే మెగ్గర్ కూడా ఉంది. కరెంటు పని కొంత తెలుసు. సెన్సార్ నిజంగా బాగుందో లేదో నేనే చూసుకోవాలంటే ఎట్టా? ఎన్ని ఓమ్స్ చూపించాలి? యూట్యూబ్‌లో ఒకాయన వెయ్యి అంటాడు, ఇంకొకాయన రెండు వేలు అంటాడు. కొత్త సెన్సార్‌కు పెడితే నా మీటర్ ఏమీ చూపించట్లేదు. అంటే కొత్తదాన్నే పాడైనది ఇచ్చారా?

ఇంకోమాట. ఈ లైటు వెలుగుతుండగా హైవే మీద నాన్నను తీసుకుపోవచ్చా?

నెల్లూరు ట్యాక్సీ

అన్నా, మా ట్రావెల్స్ బండికి కూడా ఇట్టాగే లైటు వచ్చింది. సెన్సార్ ఊడదీసి కొనకు పట్టిన మురికి తుడిచి పెడితే పోయింది. ముందు అది చెయ్. మార్కెట్లో దొరికే చవక సెన్సార్ల కంటే కంపెనీదే మంచిది. ఒకసారి బ్యాటరీ టెర్మినల్ కూడా తీసి పెట్టి చూడు.

కావలి ఆటో ఎలక్ట్రీషియన్

తమ్ముడూ, మాడ్యూల్ జోలికి ఇప్పుడే పోవద్దు. నీ మెగ్గర్‌ను ఆ బండి దరిదాపులకు కూడా తీసుకురావద్దు. మెగ్గర్ 500 వోల్టులు పంపుతుంది, మోటారు వైండింగ్‌కు అది సరిపోతుంది. ఈ సెన్సార్‌లో ఉండేది చిన్న చిప్, దాని వైర్ల అటు చివర మాడ్యూల్ ఉంటుంది. ఒక్కసారి నొక్కితే రెండూ కాలిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు నిజంగానే మాడ్యూల్ కొనాల్సి వస్తుంది.

నాన్నగారి విషయం కాబట్టి ముందు దానికి జవాబు చెబుతాను. పసుపు లైటు ఒక్కటే వెలుగుతుంటే మామూలు బ్రేకు పనిచేస్తుంది. గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే పని మాత్రం జరగదు. వాన పడిన రోడ్డు మీద, కోతల కాలంలో ట్రాక్టర్లు బురద వదిలి పోయిన చోట సడన్ బ్రేకు కొడితే బండి జారుతుంది, స్టీరింగ్ తిప్పినా తిరగదు. కాబట్టి నెమ్మదిగా, ముందు బండికి బాగా ఎడం ఇచ్చి నడుపు. పసుపుతోపాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే మాత్రం పక్కకు తీసి ఆపేయ్. హ్యాండ్ బ్రేకు పూర్తిగా దిగిందా, బ్రేకు ఆయిల్ గీత దాకా ఉందా చూడు. రెండూ సరిగ్గా ఉండి కూడా రెండు లైట్లూ ఆరకపోతే, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బ్రేకు బలాన్ని పంచే ఏర్పాటు కూడా ఆగిపోయి ఉండొచ్చు. అప్పుడు నాన్నగారిని వేరే బండిలో తీసుకుపో, ఆ బండిని నడపొద్దు.

ఇక కోడ్ సంగతి. సి0035 అంటే ముందు ఎడమ చక్రం నుంచి రావలసిన వేగం సిగ్నల్‌లో తేడా ఉందని. సెన్సార్ పోయిందని కాదు. కోడ్ వీధి పేరు చెబుతుంది గానీ ఏ ఇల్లో చెప్పదు. ఆ వీధిలో సెన్సార్ ఉంది, దాని రెండు వైర్లు ఉన్నాయి, ప్లగ్గు ఉంది, చక్రంతోపాటు తిరుగుతూ ఉంటే సెన్సార్ చదివే రింగు ఉంది, సెన్సార్‌కూ రింగుకూ మధ్య గ్యాప్ ఉంది, బేరింగ్ ఉంది. ముందు కుడి చక్రానికి సి0040, వెనక ఎడమకు సి0045, వెనక కుడికి సి0050 అని వస్తాయి. కొన్ని కంపెనీలు సొంత నంబర్లు పెట్టుకుంటాయి.

కోడ్ పక్కన ఒక వాక్యం వస్తుంది. అసలు విషయం అందులో ఉంటుంది, దాన్ని చదివేవాళ్లే తక్కువ. సర్క్యూట్ ఓపెన్ అనో, షార్ట్ అనో ఉంటే వైరు, ప్లగ్గు, సెన్సార్ చూడాలి. సిగ్నల్ రావట్లేదు, సిగ్నల్ పొంతన లేదు అని ఉంటే కరెంటు దారి బాగానే ఉండి రింగు వైపు తేడా ఉండే అవకాశం ఎక్కువ. ఈసారి స్కాన్ చేయించినప్పుడు ఆ స్క్రీన్ మొత్తం ఫోటో తీసుకో. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే ఈఎల్ఎం 327 బ్లూటూత్ స్కానర్లు చాలావరకు ఇంజన్ కోడ్లే చదువుతాయి, ఏబీఎస్ మాడ్యూల్‌తో మాట్లాడవు. దానికోసం డబ్బు పెట్టొద్దు.

కొత్త సెన్సార్‌కు మీటర్ ఏమీ చూపించకపోతే అది పాడైనట్టు కాదు. సెన్సార్లు రెండు రకాలు. పాత రకంలో అయస్కాంతం చుట్టూ తీగ చుట్టిన కాయిల్ ఉంటుంది. ఎదురుగా పళ్ల రింగు తిరిగితే దానంతట అదే ఏసీ వోల్టేజ్ పుట్టిస్తుంది. ఓమ్స్ కొలవాల్సింది దానికి. చాలా బండ్లలో 800 నుంచి 2500 మధ్య ఎక్కడో ఉంటుంది, నువ్వు చూసిన వీడియోల్లో చెప్పింది దాని గురించే. కొత్త రకంలో చిప్ ఉంటుంది. మాడ్యూల్ కరెంటు ఇస్తేనే అది పనిచేస్తుంది. చక్రం తిరిగే కొద్దీ సుమారు 7 మిల్లీయాంపులు ఒకసారి, 14 ఒకసారి, అట్టా మార్చి మార్చి కరెంటు లాగుతుంది. ఆ మార్పులను లెక్కపెట్టి మాడ్యూల్ వేగం తెలుసుకుంటుంది. దీనికి ఓమ్స్ పెడితే ఏ అంకె వచ్చినా, రాకపోయినా, అందులో తెలిసేదేమీ లేదు. 2017 బండి అంటే దాదాపుగా ఈ రకమే.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. గట్టి నేల మీద బండి నిలిపి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఆ ముందు చక్రం లేపు. జాకీని ఒక్కదాన్నే నమ్మొద్దు, కింద స్టాండో గట్టి చెక్క దిమ్మెలో పెట్టు. చక్రం విప్పి ముందు కళ్లతో చూడు. సెన్సార్ వైరు బాడీ నుంచి, చక్రం బిగించే హబ్ దాకా వేలాడుతూ వస్తుంది, స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ వంగుతుంది. పైన రబ్బరు బాగానే కనిపించినా లోపల తీగ తెగి ఉంటుంది. క్లిప్పులు ఊడి టైరుకు రాసుకున్న చోట్లు చూడు. ప్లగ్గు విప్పి లోపల పచ్చగా చిలుము పట్టిందేమో చూడు. మీ వైపు ఉప్పుగాలి, గుంటల నీళ్లు, కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇసకపల్లి వైపు నుంచి నా దగ్గరకు వచ్చే బండ్లలో ప్లగ్గుల చిలుము మామూలు విషయం.

తర్వాత ప్లగ్గు విప్పి, బండి వైపు ఉన్న రెండు పిన్నుల మధ్య డీసీ వోల్టులు చూడు. మీటర్ ముందే పెట్టుకుని అప్పుడు తాళం ఆన్ చేయించు. ఇది ముఖ్యం. కొన్ని మాడ్యూళ్లు తప్పు కనిపెట్టగానే సప్లై ఆపేస్తాయి, ఆలస్యంగా చూస్తే సున్నా చూసి వైరు తెగిందనుకుంటాం. చాలా బండ్లలో బ్యాటరీ వోల్టేజ్‌కు దగ్గరగా వస్తుంది. మీటర్ పెట్టి ఉంచి వైరును చేత్తో అటూ ఇటూ వంచు, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పించు. అంకె ఊగిందా, తెగింది అక్కడే.

సప్లై వస్తుంటే రెండు చిన్న వైరు ముక్కలతో ప్లగ్గును మళ్లీ కలుపు. ఒక వైరు నేరుగా, రెండోది మీటర్ గుండా పోవాలి, మీటర్ మిల్లీయాంపుల్లో ఉండాలి. రెండు వైర్లూ ఒకదానికొకటి తగలనివ్వొద్దు. హబ్‌ను చాలా నెమ్మదిగా చేత్తో తిప్పు. 7, 14, 7, 14 అని మారుతుంటే సెన్సార్, రింగు రెండూ బాగున్నాయి. ఏదో ఒక అంకె దగ్గర నిలబడిపోతే సెన్సార్ ఊడదీసి, ఫ్రిజ్ తలుపుకు అంటించే చిన్న అయస్కాంతం దాని కొన ముందు అటూ ఇటూ ఆడించు. అప్పుడు అంకె మారితే సెన్సార్ బాగుంది, దాని ఎదురుగా తిరగాల్సింది సరిగ్గా లేదు. సెన్సార్ కొన ముందు తప్ప ఇంకెక్కడా ఆ అయస్కాంతం పెట్టొద్దు, ముఖ్యంగా బేరింగ్ దగ్గరకు పోనివ్వొద్దు.

సెన్సార్ కొన తుడవమని నెల్లూరు తమ్ముడు చెప్పింది మంచి మాటే. దాంతోపాటు సెన్సార్ కూర్చునే రంధ్రం అంచున తుప్పు కూడా గీకాలి. అక్కడ తుప్పు ఉబ్బితే సెన్సార్ పైకి లేచిపోయి గ్యాప్ పెరుగుతుంది. బ్యాటరీ టెర్మినల్ తీసి పెట్టడం వల్ల మాత్రం ప్రయోజనం లేదు. ఉన్న తప్పు ఎక్కడికీ పోదు.

చివరగా ఒకటి చెప్పు. ఈ లైటు మొదలయ్యే ముందు ఆ చక్రం దగ్గర ఏదైనా పని చేయించారా? బేరింగ్, డ్రైవ్ షాఫ్ట్, టైర్లు, ఏదైనా సరే.

ఒంగోలు టీచర్

అన్నగారూ, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను ఒంగోలు నుంచి చీమకుర్తి అవతల స్కూలుకు రోజూ కారులో వెళ్లివస్తాను. 2012 పెట్రోల్ కారు. నాకు లైటు వెలగదు. కానీ స్కూలు గేటు ముందు నెమ్మదిగా ఆపుతున్నప్పుడు, ఇక ఆగిపోతుందనగా, పెడల్ కాలి కింద టకటకమని తన్నుతుంది. బండి ఆగకుండా ఇంకో అడుగు ముందుకు పోతుంది. పొడి రోడ్డే, నేను గట్టిగా తొక్కను కూడా. గేటు దగ్గర పిల్లలు గుంపుగా ఉంటారు, ప్రాణం చిక్కబట్టుకుని ఆపుతున్నాను. గ్యారేజీలో అడిగితే ఏబీఎస్ అంటే అలాగే ఉంటుంది మేడం అన్నారు. ఆ రోడ్డు మీద గ్రానైట్ టిప్పర్లు తిరుగుతాయి, దుమ్ము ఎక్కువ. దానివల్ల సెన్సార్ పాడై ఉంటుందా?

కావలి ఆటో ఎలక్ట్రీషియన్

మేడం, ఏబీఎస్ అంటే అలాగే ఉండదు. పొడి రోడ్డు మీద మెల్లగా ఆపేటప్పుడు అది అసలు పనిచేయకూడదు. మీకు ఎవరు ఆ మాట చెప్పినా నమ్మవద్దు, ఈ పని వాయిదా వేయవద్దు.

మీ బండి వయసును బట్టి చూస్తే కాయిల్ రకం సెన్సార్లు ఉండొచ్చు. ఈ రకంలో వేగం తగ్గేకొద్దీ సిగ్నల్ బలం కూడా తగ్గుతుంది. నాలుగు చక్రాలకూ సమానంగా తగ్గితే ఇబ్బంది లేదు. ఒక చక్రానికి మాత్రం గ్యాప్ పెరిగిందనుకోండి, మిగిలిన మూడూ ఇంకా తిరుగుతున్నాయని చెబుతుండగానే ఆ ఒక్కదాని సిగ్నల్ ముందుగా చచ్చిపోతుంది. మాడ్యూల్‌కు అది చక్రం బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. వెంటనే ఆ చక్రానికి బ్రేకు వదిలేస్తుంది. మీ కాలికి తగిలే టకటక అదే, బండి అడుగు ముందుకు పోవడమూ అందుకే. వైరు తెగలేదు కాబట్టి కోడ్ పడదు, లైటూ వెలగదు. స్కానర్‌ను మాత్రమే నమ్ముకున్నవాళ్లకు ఇది దొరకదు.

గ్రానైట్ దుమ్ము సెన్సార్‌ను పాడుచేయడం తక్కువ. దాని అయస్కాంతానికి పట్టుకునేది బ్రేకు డిస్కు అరిగి రాలే ఇనప పొడి. కొన మీద నల్లగా గడ్డం మొలిచినట్టు పేరుకుంటుంది. అది తుడిపించండి. రంధ్రం దగ్గర తుప్పు గీకించండి. ఆ తర్వాత కూడా పోకపోతే పళ్ల రింగు చూడాలి. చాలా బండ్లలో అది డ్రైవ్ షాఫ్ట్ మీద బిగించి ఉంటుంది. దాని కింద తుప్పు ఉబ్బి ఒక చోట సన్నగా పగులుతుంది. పగిలిన చోట రెండు పళ్ల మధ్య ఎడం పెరుగుతుంది, చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ చోటు సెన్సార్ ముందుకు రాగానే సిగ్నల్ తప్పుతుంది. చక్రం లేపి, షాఫ్ట్ మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టి, కొంచెం కొంచెంగా తిప్పుతూ ఫోన్ టార్చ్ వేసి ప్రతి పన్నూ చూడమనండి. ఫోన్లో వీడియో తీసి పెద్దది చేసి చూస్తే ఇంకా మంచిది. కంటికి దొరకని వెంట్రుకవాసి పగులు కూడా అందులో కనిపిస్తుంది.

మీటర్‌తో అయితే ప్లగ్గు విప్పి ఎడమ సెన్సార్ ఓమ్స్, కుడి సెన్సార్ ఓమ్స్ పక్కపక్కన రాయండి. పుస్తకంలో ఎంత ఉండాలన్నదానికంటే ఎడమకూ కుడికీ ఎంత తేడా ఉందన్నది ఎక్కువ చెబుతుంది. ఒక పిన్ను నుంచి బాడీకి కూడా చూడండి, అక్కడ ఏమీ చూపించకూడదు. తర్వాత మీటర్ ఏసీ వోల్టుల్లో పెట్టి చక్రాన్ని ఒకే వేగంతో చేత్తో తిప్పించండి. ఒకవైపు 400 మిల్లీవోల్టులు వచ్చి రెండోవైపు 100 మాత్రమే వస్తే, ఆ తక్కువ వచ్చిన వైపు గ్యాప్ చూడాలి. పగిలిన రింగును మాత్రం డిజిటల్ మీటర్ సరిగ్గా పట్టుకోలేదు, అంకె మారేలోపు ఆ పన్ను దాటిపోతుంది. అక్కడ కళ్లే నమ్మాలి.

అల్లూరు అబ్బాయి

అన్నా, మీరు చెప్పిన వరసలోనే అన్నీ చూశాను. వైరు మీద గాయాలేమీ లేవు. ప్లగ్గులో కొంచెం చిలుము ఉంటే శుభ్రం చేశాను. తాళం ఆన్ చేయగానే 11.7 వోల్టులు వచ్చింది, వైరు ఎంత వంచినా, స్టీరింగ్ తిప్పినా కదలలేదు. మిల్లీయాంపులు పెట్టి చక్రం తిప్పితే 7.1 దగ్గర కూర్చుంది, ఎంత తిప్పినా మారలేదు. సెన్సార్ ఊడదీసి అయస్కాంతం ఆడిస్తే 7 నుంచి 14కు ఎగిరింది, మళ్లీ దిగింది. గ్యారేజీ వాళ్లు తీసేసిన పాత సెన్సార్ నా దగ్గరే ఉంది. అదీ పెట్టి చూశాను, అదీ అట్టాగే ఎగురుతోంది!

రంధ్రంలోకి టార్చ్ వేసి చూస్తే పళ్ల రింగు ఎక్కడా కనపడలేదు. నున్నటి రేకులాంటిది తిరుగుతోంది. అది ఊడిపోయిందా?

మీరు అడిగాక గుర్తొచ్చింది. ముందు ఎడమ వైపు హోరుమని శబ్దం వస్తుంటే వేరే చోట బేరింగ్ మార్పించాం. లైటు ఆ పని తర్వాతే మొదలైంది. బేరింగ్‌కూ లైటుకూ సంబంధం ఉంటుందని అనుకోలేదు, అందుకే రాయలేదు.

కావలి ఆటో ఎలక్ట్రీషియన్

దొరికింది తమ్ముడూ. నీ పాత సెన్సారూ బాగుంది, కొత్తదీ బాగుంది, మాడ్యూలూ బాగుంది. అది సప్లై ఇస్తోంది, సిగ్నల్ రావట్లేదని ఉన్నమాటే చెబుతోంది. తప్పు బేరింగ్‌లో ఉంది.

నీ బండికి పళ్ల రింగు ఉండదు, ఊడిపోలేదు. ఈ రకంలో బేరింగ్‌కు ఒకవైపు ఉండే సీల్‌లోనే అయస్కాంతపు పొర ఉంటుంది. ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం అని చుట్టూ ధ్రువాలు వరసగా ఉంటాయి. కంటికి ఏమీ కనపడదు, నల్లగానో ముదురు గోధుమ రంగులోనో నున్నగా ఉంటుంది. ఆ వైపు సెన్సార్‌కు ఎదురుగా రావాలి. రెండోవైపు మామూలు సీల్. ప్రెస్‌లో పెట్టి దించేటప్పుడు చూసుకోకపోతే తిరగబడిపోతుంది, బేరింగ్ ఎటు పెట్టినా బిగుస్తుంది, శబ్దం పోతుంది, చక్రం హాయిగా తిరుగుతుంది. ఏబీఎస్ మాత్రం చచ్చిపోతుంది. లేదా అయస్కాంతపు పొర అసలు లేని బేరింగ్ వేసి ఉండాలి. బయటి కొలతలు ఒకటే ఉంటాయి, ధర కొంచెం తక్కువ.

మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. అంతకుముందు చిన్న బండ్లలో ఖరీదైన మోడళ్లకే ఉండేది. ఇప్పుడు ఊరూరా ఏబీఎస్ బండ్లే. బేరింగ్ ప్రెస్ చేసే ప్రతి షాపులోనూ ఈ ఒక్క విషయం గోడ మీద రాసి పెట్టాలి. నిజంగా చెబుతున్నాను, ఈ కారణంగా బాగున్న సెన్సార్లు, బాగున్న మాడ్యూళ్లు మార్పించుకుని నా దగ్గరకు వచ్చినవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

బిగించిన బేరింగ్‌ను ఊడగొట్టి అదే తిప్పి వేయమనొద్దు. బయటకు లాగేటప్పుడు దాని లోపల గుండ్లు తిరిగే దారి దెబ్బతింటుంది, త్వరలోనే మళ్లీ హోరు మొదలవుతుంది. కొత్తది కొనాలి. ఏబీఎస్ బేరింగే అని అడిగి తీసుకో. షాపులోనే ఒక గుండుసూది తీసి రెండువైపులా ఆనించి చూడు. అయస్కాంతం ఉన్న వైపు సూదిని మెల్లగా లాగుతుంది, రెండోవైపు లాగదు. రెండువైపులా లాగకపోతే ఆ బేరింగ్ నీకు వద్దు. లాగిన వైపు మార్కర్‌తో గీత పెట్టి, ప్రెస్ చేసే ఆయనకు ఆ గీత సెన్సార్ వైపు రావాలని చెప్పి, దించేదాకా అక్కడే నిలబడు. ఆ వైపు సీల్ మీద సుత్తి తగలకూడదు, పనిముట్లు పట్టుకునే అయస్కాంతం ట్రేలో దాన్ని పెట్టకూడదు, ధ్రువాలు చెదిరిపోతాయి. హబ్ నట్ కొత్తది వేయించి, కంపెనీ చెప్పిన టార్క్‌కు బిగించమను.

అన్నీ అయ్యాక కోడ్ తుడిపించి, స్కానర్‌లో నాలుగు చక్రాల వేగం లైవ్‌గా చూపించమను. ఒకరు నడపాలి, ఇంకొకరు స్క్రీన్ చూడాలి. తిన్నని రోడ్డు మీద 30లో పోతుంటే నాలుగూ దాదాపు ఒకటే చూపించాలి. మలుపులో తేడా రావడం సహజం.

అల్లూరు అబ్బాయి

అన్నా, నెల్లూరు ఆటోనగర్‌లో బేరింగ్ విప్పించాను. మీరన్నట్టే తిరగేసి ఉంది. నల్ల సీల్ బయటి వైపు, మామూలు సీల్ సెన్సార్ వైపు. ప్రెస్ చేసే పెద్దాయనకు సూది ఆనించి చూపిస్తే ఆయన కూడా అబ్బురపడ్డాడు, తన దగ్గరున్న పాత బేరింగ్‌లన్నీ తీసి ఒక్కోదానికీ సూది పెట్టి చూశాడు. కొత్తది గీత పెట్టి దింపించాను. లైవ్‌లో నాలుగు చక్రాలూ 31, 31, 30, 31 చూపించాయి. పాత సెన్సారే తిరిగి వేయించి, కొత్తది దాచుకున్నాను. లైటు మళ్లీ రాలేదు. నాన్నను నిన్న దాంట్లోనే నెల్లూరు తీసుకుపోయి వచ్చాను. మీకు ఎంత చెప్పినా తక్కువే అన్నా.

ఒంగోలు టీచర్

అన్నగారూ, మీరు చెప్పిన కొలతలు పక్కన నిలబడి చేయించాను. ఎడమ 1120 ఓమ్స్, కుడి 1135. బాడీకి ఏమీ లేదు. కొనలు తుడిపించాక కొంచెం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. వీడియో తీసి చూస్తే కుడి రింగులో నిజంగానే వెంట్రుకలాంటి పగులు కనిపించింది. మొత్తం డ్రైవ్ షాఫ్ట్ మార్చాలంటున్నారు. రింగు ఒక్కటే దొరకదా? అప్పటిదాకా ఏబీఎస్ ఫ్యూజు తీసేసి నడపమని ఒకరు సలహా ఇచ్చారు, తీసేయనా?

కావలి ఆటో ఎలక్ట్రీషియన్

మేడం, ఫ్యూజు తీయవద్దు. కొన్ని బండ్లలో దాంతోపాటు ముందు వెనక బ్రేకు పంచే ఏర్పాటు కూడా పోతుంది. అప్పుడు గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందు బిగుసుకుని బండి అడ్డం తిరగొచ్చు. అప్పటిదాకా గేటుకు ఇంకా దూరంగానే ఆపండి, లేదా ఆ నాలుగు రోజులూ బస్సులో వెళ్లండి.

రింగు విడిగా దొరుకుతుంది, షాఫ్ట్ మొత్తం అక్కర్లేదు. పాత రింగు తీసి షాపుకు తీసుకుపోయి పళ్లు లెక్కపెట్టించండి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం కొలిపించండి. పళ్ల సంఖ్య ఒక్కటి తేడా వచ్చినా ఆ చక్రం మిగిలినవాటికంటే వేగంగానో నెమ్మదిగానో తిరుగుతున్నట్టు మాడ్యూల్ అనుకుంటుంది. షాఫ్ట్ మీద పాత రింగు కూర్చున్న చోట తుప్పు మొత్తం ఎమరీ పేపర్‌తో తెల్లగా వచ్చేదాకా రుద్దించండి. ఆ తుప్పే పాత రింగును పగలగొట్టింది, ఉంచేస్తే కొత్తదాన్నీ పగలగొడుతుంది. రింగును కొంచెం వేడి చేసి, తిన్నగా దించాలి. సుత్తితో ఒక పక్కనే కొట్టి దించితే వంకరగా కూర్చుంటుంది, అప్పుడు చక్రం తిరిగేటప్పుడు గ్యాప్ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. బిగించాక ఎడమ రింగు కూడా ఒకసారి వీడియో తీసి చూసుకోండి. రెండూ ఒకే వయసువి కదా.